ఒక్క గీతా పడని నెల

పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే రోడ్డు మీద తారు ఎంత ఉందో ఎవరూ కొలిచి చెప్పలేదు గానీ, తారు మీద ఏమేం పడి ఉంటాయో మాత్రం కుట్టుమిషన్ల గంగాధరానికి కంఠతా వచ్చు. ట్రాక్టర్లు జార్చుకుంటూ పోయిన చెరుకు గడలు, లోడు మీద నుంచి దొర్లి చితికిన మామిడికాయలు, లారీ టైరు నుంచి ఊడి మొసలి తోలులా పడుకున్న రబ్బరు పట్టీలు, టిప్పర్లు ముగ్గు వేసినట్టు చల్లిపోయిన కంకర, అమావాస్య మర్నాడు అంగళ్ల ముందు పగిలిన దిష్టి గుమ్మడికాయలు. ఇవిగాక, ఆగిపోయిన లారీ చక్రం కింద దొర్లకుండా పెట్టి, పని అయ్యాక అక్కడే వదిలేసిన బండరాళ్లు. లారీని తీసుకుపోవడం ఏ డ్రైవరూ మర్చిపోడు, రాయిని తీయడం మాత్రం ప్రతివాడూ మర్చిపోతాడు. మనవాళ్ల జ్ఞాపకశక్తి అంత ఏరికోరి పనిచేస్తుంది.

గంగాధరానికి అరవై ఒకటి. పుత్తూరులో సొంత ఇల్లు, భార్య ఆదిలక్ష్మమ్మ, సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న కొడుకు గిరిప్రసాద్, కోడలు, అయిదేళ్ల మనవరాలు లోహిత. ఇరవై రెండేళ్లుగా ఒకే మోటారుసైకిలు మీద ఊరూరూ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. బండి వెనక ఇనుప పెట్టె, పెట్టెలో స్క్రూడ్రైవర్లు, సూదులు, బాబిన్లు, నూనె డబ్బా. ఏ ఊరికి పోయినా ఒక మొరాయించిన మిషను, ఒక గ్లాసు టీ, నలుగురు ఆడవాళ్లు ఆయన కోసం కాచుకుని ఉంటారు. మిషను బాగుచేయడానికి పావుగంట పడుతుంది. తక్కిన ముప్పావుగంట, దారిలో తనకు తప్పిపోయిన గండం చెప్పడానికి.

ఆ గండాలు ఊరు మారేకొద్దీ పెరిగేవి. ఒకసారి ముందు పోతున్న ట్రాక్టరు నుంచి చెరుకు గడ ఒకటి జారి ముందు చక్రంలో దూరింది. రెండు చువ్వలు విరిగాయి, గంగాధరం కాలు ఆనించి నిలదొక్కుకున్నాడు. జరిగింది అంతే. మొదటి ఊళ్లో టీ తాగేసరికి అవి పది గడలయ్యాయి. కార్వేటినగరం చేరేసరికి మోపులయ్యాయి. సాయంత్రం తిరుగుదారిలో, చివరి ఊళ్లో, ట్రాక్టరే బోర్లా పడింది. ఆ లోడు కిందనుంచి గంగాధరం బండితో సహా బయటికొచ్చాడు, నోట్లో చెరుకు ముక్క నములుతూ. విన్న ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. బాగుపడిన మిషను మాత్రం నిజాయితీగా సూటి కుట్టు వేసింది.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. గంగాధరం చేసిన తెలివితక్కువ పనల్లా, ఆ గండాలను అదే ఊపులో ఇంట్లో కూడా చెప్పడం. ఆదిలక్ష్మమ్మ నోరు తెరవలేదు, ఆశ్చర్యపోలేదు. సంగటి కెలుకుతూ విన్నది, విన్నదాన్ని దాచిపెట్టుకుంది. ఆమెకు తేదీలతో పనిలేదు. ఏ గండం జరిగిన రోజు ఏ కూర చేసిందో దాన్నిబట్టి గుర్తు. మునక్కాయ పులుసు నాడు లారీ రబ్బరు ఎగిరి హెడ్‌లైటు పగిలింది. గోంగూర నాడు కంకర మీద జారాడు. చిక్కుడుకాయ నాడు ఎవరి బండి నుంచో ఊడిన బోల్టు ఎగిరొచ్చి మోకాటి చిప్పకు తగిలింది. ఇరవై రెండేళ్ల వంటకు సరిపడా గండాలు ఆమె దగ్గర పోగుపడి ఉన్నాయి.

పోయిన కార్తీకంలో అసలుది వచ్చింది. వాన వెలిసిన పొద్దున, నీళ్లు నిలిచిన గుంతలో, ఎవరో లారీవాడు ప్రేమగా వదిలిపోయిన రాయి. ముందు చక్రం రాయి ఎక్కింది, రిమ్ము వంగింది, బండి ఒకవైపు, ఇనుప పెట్టె ఒకవైపు, గంగాధరం ఇంకొకవైపు. ఎడమ మణికట్టు విరిగింది.

దేశదేశాల నుంచి జనం ఎముకలు విరగ్గొట్టుకుని పుత్తూరు కట్టు కోసం రైళ్లెక్కి వస్తారు. గంగాధరానికి ఆ యోగం ఆటో దూరంలో ఉంది. కట్టు కట్టే పెద్దాయన ఆయన్ను చాప మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని మెత్తగా అడిగాడు.

"ఎట్లా పడినావప్పా?"

గంగాధరం ముఖం వికసించింది. "అదొక పెద్ద కత సామీ. ఎదురుగ్గా లారీ వస్తా ఉండాది, దాని ఎనకాల ఇంకొక లారీ, ఈ పక్క చూస్తే..."

ఈ పక్క ఏముందో లోకానికి తెలియలేదు. పెద్దాయన మాటల్లో పెట్టి చెయ్యి సాగదీశాడు. కథ అక్కడికక్కడే పెద్ద కేకలో ముగిసింది. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, తెల్లగుడ్డ. "ఆరు వారాలు చెయ్యి కదపొద్దు" అన్నాడు పెద్దాయన. నోటిని గురించి ఏమీ చెప్పలేదు గానీ, ఆ సంగతి గిరిప్రసాద్ చూసుకున్నాడు.

ఆ ఆరు వారాలూ గంగాధరాన్ని కొడుకు తన సెల్‌ఫోన్ల అంగట్లో కూర్చోబెట్టాడు. పని తేలిక. గాజు పలక అతికించేటప్పుడు ఫోను కదలకుండా ఒంటిచేత్తో పట్టుకోవాలి. లోపల గాలి బుడగ మిగిలితే గోటితో పక్కకు తోయాలి. పది ఊళ్ల ఆడవాళ్లను ముప్పావుగంట నిలబెట్టిన మనిషి గాలి బుడగలను తోస్తూ కూర్చున్నాడు. పోనీ, వచ్చినవాళ్లకు ఒక గండం చెబుదామా అంటే, అంగడికి వచ్చినవాడెవడూ తల ఎత్తడు. ఒకడికి లారీ రబ్బరు కథ సగం దాకా చెప్పాడు. వాడు చెవిలో నుంచి ఏదో తీసి, "ఏం అంకుల్, నన్నేనా?" అన్నాడు.

"నాయనా, కస్టమర్లతో కతలు పెట్టుకోవద్దు" అన్నాడు గిరిప్రసాద్.

"కతలు కాదురా, జరిగిండేవి."

"జరిగిండేవి అసలే వద్దు."

కట్టు విప్పిన రోజు సాయంత్రం ఇంట్లో పంచాయతీ కూర్చుంది. కొడుకు తీర్పు ముందే రాసుకొచ్చినట్టు చెప్పాడు. బండి అమ్మేయడం, నాయన శాశ్వతంగా అంగట్లో కూర్చోవడం. నీడ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, టీ వస్తుంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?

గంగాధరానికి మెడకు ఉరి బిగించినట్టయింది. ఆ ఫ్యాను కింద, ఆ వంచిన తలల మధ్య, మిగిలిన బతుకంతా. కోర్టులో మరణశిక్ష పడినవాడికైనా చివరి కోరిక అడుగుతారు. "ఒక్క అవకాశం ఇయ్యండ్రా" అన్నాడు.

అప్పుడు ఆదిలక్ష్మమ్మ నోరు విప్పింది. "సరే. పాపకు చెవులు కుట్టే దినానికి సరిగ్గా నెల ఉండాది. ఆ నెలా బండి తోలుకో. నీ ఒంటిమీద గానీ బండిమీద గానీ ఒక్క కొత్త గీత కనపడకూడదు. దోవలో ఒక్క గండం తగిలిందని తెల్సినా సరే, తాళం నా చేతికి ఇచ్చి అంగట్లో కూసోవాల. నెలంతా సక్కగా పోయి వస్తివా, ఇంక నీ జోలికి ఎవురూ రారు. నేను మాటిస్తా ఉండా."

"పాత గీతలుండాయి కదమ్మే, వాటినెట్లా లెక్కేస్తావు?"

ఆదిలక్ష్మమ్మ దానికీ ఉపాయం ఆలోచించే ఉంది. మనవరాలి గులాబీ రంగు గోళ్లరంగు సీసా తెచ్చి, బండి మీద ఉన్న పాత గీతల చుట్టూ, సొట్టల చుట్టూ ఒక్కొక్కదానికీ సున్న చుట్టింది. ట్యాంకు మీద తొమ్మిది, మడ్‌గార్డు మీద ఆరు, సైలెన్సరు మీద నాలుగు, లెగ్‌గార్డు మీద ఒకటి. పని పూర్తయ్యాక చూస్తే బండికి అమ్మవారు పోసినట్టుంది. రోజూ పొద్దుగూకే వేళకు గంగాధరం ఇంటికి రాగానే ఆమె ఫోను లైటు వేసుకుని, పెళ్లిచూపుల్లో అత్తగారు పిల్లను చూసినట్టు బండి చుట్టూ తిరిగేది. సున్న లోపల ఉన్న గీత పాతది. సున్న లేని గీత, గంగాధరం తలరాత.

మొదటి పదిరోజులూ గంగాధరం బండిని ఊరేగింపులో రథంలా నడిపాడు. సైకిళ్లు దాటిపోయాయి. మేకలు దాటిపోయాయి. ఒక ముసలాయన నడుచుకుంటూ పక్కనే వస్తూ, "ఏమప్పా, బండి చెడిపోయిందా, తోసేదా?" అని అడిగాడు. గంగాధరం పళ్లు బిగించాడు. రోడ్డు కూడా, పాపం, ఆ పదిరోజులూ మర్యాదగానే ఉంది.

పదకొండో రోజు అమావాస్య మర్నాడు. రాత్రి అంగళ్లవాళ్లంతా తమ తమ దిష్టి తీసి రోడ్డుకు అంటగట్టి, హాయిగా నిద్రపోయారు. పొద్దున్నే గంగాధరం ముందు చక్రం ఆ గుమ్మడి గుజ్జు మీదికెక్కి నాట్యం చేసింది. కొత్తగా నడక నేర్చిన బిడ్డలా రెండు కాళ్లూ నేలకు ఈడ్చుకుంటూ, టీ అంగడి బల్లకూ కరెంటు స్తంభానికీ మధ్య నుంచి దూరి, అవతల నిలిచాడు. గీత పడలేదు. చెప్పులకంటిన కుంకుమా గుజ్జూ కుళాయి దగ్గర కడుక్కుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. జీవితంలో మొదటిసారి, చూసినవాళ్లు లేనందుకు సంతోషించాడు. ఆ సంతోషం కార్వేటినగరం దాకా కూడా నిలవలేదు.

కార్వేటినగరంలో కోమలి అనే ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. గంగాధరం గండాలకు అందరికంటే పాత శ్రోత. టీ గ్లాసు చేతికిచ్చి, మిషను ముందు పీట వేసుకుని కూర్చుని, "ఊ, చెప్పన్నా, ఈ పొద్దు ఏం తప్పింది?" అంది.

గంగాధరం నోరు తెరిచాడు. గుమ్మడికాయ గొంతు దాకా వచ్చింది. అంతలో గుర్తొచ్చింది: ఆదిలక్ష్మమ్మ జాకెట్లు కుట్టేది ఈ కోమలే. ఇద్దరి ఫోన్లలోనూ ఇద్దరి నెంబర్లూ ఉన్నాయి. నోరు మూశాడు.

"ఏమీ లేదమ్మా. సక్కగా వచ్చినా."

కోమలి పీట దగ్గరికి జరుపుకుంది. "ఏమీ లేదా? ఒంట్లో బాగుండాదా అన్నా?"

"బాగుండాను."

"మిషను బాగయింది గానీ, నువ్వే బాలేవు. ఇంకొంచెం టీ తాగు."

ఇది గంగాధరం ఊహించని దెబ్బ. బండి తోలడానికి నోరు కట్టేసుకోవాలి. నోరు కట్టేసుకుంటే బండి తోలి ఏం లాభం? పద్దెనిమిదో రోజు ఊక లారీ మీది టార్పాలిను తాళ్లు తెంచుకుని ఎగిరొచ్చి ఆయన్ను నిలువునా కప్పింది. మూడుసార్లు గోవిందా అనేంతసేపు గుడ్డివాడిలా బండి తోలాడు. నాలుగోసారికి గాలి దాన్ని ఎత్తుకుపోయి పక్క చెరుకు తోటలో పడేసింది. కళ్లు తెరిచి చూస్తే రోడ్డు మధ్యలోనే ఉన్నాడు, ఎదురుగా ఆర్టీసీ బస్సు మర్యాదగా ఆగి ఉంది. ఏ మనిషికైనా ఇలాంటిది ఒక్కటి దొరికితే మనవళ్ల పెళ్లిళ్ల దాకా చెప్పుకుంటాడు. గంగాధరం దాన్ని గుటకలు వేసి మింగాడు. ఆ వారమంతా ఆయనకు అన్నం సయించలేదు. లోపల ఖాళీ లేదు మరి.

ఇక ఇరవై మూడో రోజు.

ఉలవల కోతలైపోయిన కాలం. ఆ పక్క రైతులకు కళ్లం చేసుకునే తీరిక పోయి చాలా ఏళ్లయింది. ప్రభుత్వం ఇంత చదునైన తారు రోడ్డు వేయించింది, దాని మీద ఉచితంగా బస్సులూ లారీలూ తిరుగుతున్నాయి, ఇంక పశువులెందుకు? ఉలవ కంపను పీకి తెచ్చి రోడ్డుకు అడ్డంగా పరిస్తే, పోయే బండ్లన్నీ తొక్కుతూ పోతాయి, కాయలు పగిలి గింజలు రాలుతాయి. కంప చెదిరిపోకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోతారు. రాళ్లు దేశానికి దానం.

మలుపు తిరగ్గానే గంగాధరం ముందు ఆ పరుపు కనిపించింది. బ్రేకు వేశాడు. వేయకూడదని ఆయనకు తెలుసు, చేతికి తెలియలేదు. ఎండు కంప కింద రాలిన ఉలవలు వేలకు వేలు గుండ్రంగా దొర్లాయి. ఏ మిషను షాపులోనూ దొరకనంత నున్నని బేరింగుల మీద మోటారుసైకిలు, దాని మీద గంగాధరం, ఒక్క చప్పుడు లేకుండా అర చుట్టు తిరిగి, ఎడమ పక్క లెగ్‌గార్డుతో ఒక రాయిని ఠంగున కొట్టి, నిలబడిపోయాయి. బండి పడలేదు. ఇంజను ఆగలేదు. కార్వేటినగరం వైపు పోతున్న మనిషి పుత్తూరు వైపు చూస్తూ, రెండు కాళ్లూ నేల మీద ఆన్చి, రాజులా కూర్చుని ఉన్నాడు.

రోడ్డు పక్కన చీపురు పట్టుకుని కంప యజమానురాలు మునిరత్నమ్మ నిలబడి ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. అంతా కళ్లారా చూసింది. గంగాధరం గుండె చేత్తో పట్టుకుని, ఈ ఒక్క సాక్షి అయినా ఒక మంచి మాట అంటుందని ఆశగా చూశాడు.

"నాయనా," అంది మునిరత్నమ్మ, "ఆ గెనిమ పక్కన కాయ ఇంకా పగల్లేదు. నీకు పున్నెముంటాది, ఇట్లే ఇంకొక్కసారి తిరుగు."

గంగాధరానికి ఏం చేయాలో తోచలేదు. తోచక, మొదటి గేరులో గెనిమ పక్కగా, చేను గట్టు వెంబడి, రెండు చుట్లు తిరిగాడు. ఆమె చీపురుతో కంప ఎగదోసింది. "సాలు నాయనా, పో" అని సెలవిచ్చింది.

లెగ్‌గార్డు లోపలికి వంగింది. రంగు లేచిపోయి ఇనుము తెల్లగా నవ్వుతోంది. గంగాధరం నేరుగా ఊరి చివర ధర్మేంద్ర మెకానిక్కు షెడ్డుకు పోయాడు.

"ఏం జరిగిందన్నా?" అన్నాడు ధర్మేంద్ర.

"ఏమీ జరగలేదు."

"ఏమీ జరక్కుండానే ఇనుము వంగిందా?"

"దానికి వయసయింది. నువ్వు సుత్తి తీసుకో."

ధర్మేంద్ర సుత్తితో సరిచేశాడు, నల్లరంగు పూశాడు. కొత్త రంగు నిగనిగలాడుతుంటే గంగాధరం షెడ్డు ముందు మట్టి తీసి చేత్తో రుద్ది దాని పొగరు దించాడు. ఆ చోట ఇదివరకే ఒక సొట్ట, దాని చుట్టూ గులాబీ సున్న ఉండేవి. అరవై ఒక్కేళ్ల మనిషి ఫ్యాన్సీ అంగడికి పోయి, "గోళ్లరంగు ఇయ్యమ్మా" అన్నాడు. "ఎవరికి సార్?" అంది అమ్మాయి. "బండికి" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ సాయంత్రం ఆదిలక్ష్మమ్మ బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. లెగ్‌గార్డు దగ్గర వంగింది. గంగాధరం దేవుళ్లను వరుసగా తలుచుకున్నాడు, కొండ మీదాయనకు నడిచొస్తానని కూడా మొక్కుకున్నాడు, బండి పోయాక ఎలాగూ నడవాల్సిందే కదా అని. ఆమె లేచి, "కాళ్లు కడుక్కో" అంది.

బతికాడు. కానీ అది బతుకేనా? ఇరవై రెండేళ్లుగా ఒక చెరుకు గడను ట్రాక్టరు చేయడానికి ఎంత చెమటోడ్చాడు! ఇప్పుడు రవ్వంత కల్పన కూడా అక్కర్లేని కథ, అదే నడుచుకుంటూ వచ్చి ఒళ్లో కూర్చుంది. చెప్పడానికి ఒక్క చెవి లేదు. ఉన్న ఒక్క సాక్షీ గెనిమ పక్క కాయల గురించి తప్ప ఇంకేమీ గమనించలేదు.

నెల నిండింది. లోహితకు చెవులు కుట్టారు. కంసాలి ఆచారి తీగ గుచ్చగానే బిడ్డ వీధి వినేలా ఏడ్చి, చాక్లెట్టు చూసి టక్కున ఆపింది. భోజనాలయ్యాయి. వాకిట్లో షామియానా కింద బంధువులు ఇరవైమంది కుర్చీల్లో వెనక్కి వాలి వక్కలు నములుతున్నారు. గిరిప్రసాద్ మంచి హుషారులో ఉన్నాడు. ఆదిలక్ష్మమ్మ అందరికీ వినిపించేలా చెప్పింది.

"మీ బావ నెల దినాలు బండి తోలినాడు. ఒక్క గీత లేదు, ఒక్క గండం లేదు. మనిషి మారిపోయినాడు. ఇంక ఆ తాళం ఆయనదే, నేనడగను."

గంగాధరం జేబులో తాళాన్ని తడుముకున్నాడు. గెలిచాడు. అంతా అయిపోయింది. ఇంక చేయాల్సిన పని ఒక్కటే, గమ్మున కూర్చోవడం.

అప్పుడు ఆదిలక్ష్మమ్మ తమ్ముడు మునిప్రసాద్, సత్యవేడు నుంచి వచ్చినవాడు, గొంతు సవరించుకున్నాడు. "గండమంటే నాకు మొన్న తగిలిందక్కా. స్కూటర్లో వస్తా ఉండాను. ముందు ట్రాక్టర్లో నుంచి చెరుకు గడ ఒకటి దబుక్కున పడె. నేను బ్రేకు కొడితి. ఆగిపోయె."

"అయ్యయ్యో! తర్వాత?" అన్నారు ఆడవాళ్లు.

"తర్వాతేముండాది, గడను పక్కకు తీసేసి వచ్చేసినా."

"దేవుడు కాపాడినాడు!" అన్నారు. ఎవరో మంచినీళ్లు తెచ్చి మునిప్రసాద్‌కు ఇచ్చారు. అతను ఆ నీళ్లు తాగిన తీరు చూస్తే యుద్ధం నుంచి వచ్చినట్టుంది.

గంగాధరం కుర్చీలో కదిలాడు. ఒక గడ. బ్రేకు. ఆగిపోయింది. ఇదొక గండం, దీనికి మంచినీళ్లు!

"నువ్వేం మాట్లాడవే బావా?" అన్నాడు మునిప్రసాద్. "అయినా నీకిప్పుడు గండాలేం తగుల్తాయిలే. మేకలు కూడా నిన్ను దాటిపోతా ఉండాయంట కదా."

ఇరవైమందీ నవ్వారు. గంగాధరం లోపల నెలరోజులుగా మూసిపెట్టిన మూత లేచిపోయింది.

"రేయ్ మునిప్రసాదూ, గడ కత చెప్పేదానికి నీకు సిగ్గు లేదా? ఉలవల మీద బండి తిరిగితే తెలుస్తాది నీకు!" అని మొదలుపెట్టాడు. మలుపు, కంప, బ్రేకు, అర చుట్టు, పుత్తూరు వైపు మొహం, ఆగని ఇంజను, మునిరత్నమ్మ, గెనిమ పక్కన రెండు చుట్లు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన నోటికి నిజం అలవాటు లేదు కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో తెలియక తడబడ్డాడు కూడా.

షామియానా ఎగిరిపోయేలా నవ్వులు.

"అదీ బావంటే!" మునిప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు. "అర చుట్టు తిరిగినాడంట! పడలేదంట! ముసిలామె ఇంకోసారి తిరగమనిందంట!"

గిరిప్రసాద్ కూడా నవ్వాడు. అన్నిటికంటే ఘోరం, ఆదిలక్ష్మమ్మ జాలిగా నవ్వింది. "పోనీలేరా, నెల దినాలు నోరు కట్టుకున్నాడు పాపం. ఒక్క అబద్ధమన్నా చెప్పుకోనీ."

ఇంతకంటే తేలికగా ఎవరైనా బయటపడతారా? తాళం జేబులోనే ఉంది. భార్య చేతులారా ఆయన్ను నిర్దోషి అని వదిలేసింది. గంగాధరం కూడా ఒక చిన్న నవ్వు నవ్వి, ఒక వక్క పలుకు నోట్లో వేసుకుంటే చాలు. బుద్ధి ఉన్న ఏ మనిషైనా అదే చేస్తాడు.

ఇరవై రెండేళ్లుగా ఆయన చెప్పిన అబద్ధాలన్నిటినీ లోకం నోరు తెరిచి నమ్మింది. మొట్టమొదటిసారి ఉన్నదున్నట్టు చెబితే నవ్వుతోంది. ఈ అవమానం మోసుకుంటూ ఆ బండి ఎక్కి ఏ ఊరికి పోతాడు?

గంగాధరం లేచాడు. ఇనుప పెట్టె తెరిచి స్క్రూడ్రైవరు తీశాడు. "రాండి అందురూ ఈడికి" అన్నాడు. బండి చైన్ కవరు మరలు ఒక్కొక్కటే విప్పి, కవరు లాగాడు. గ్రీసు పట్టిన ఉలవలు దోసెడు, జలజలమని వాకిట్లో రాలాయి. వాటితోపాటు చైనుకు చుట్టుకుపోయిన ఉలవ కంప ఒక చుట్ట.

"అబద్ధమా? ఇదేం కుట్టుమిషన్లో పండిందా?" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అది చాలలేదు ఆయనకు. లెగ్‌గార్డు చూపించి, "ఇదో, ఈడ తగిలింది రాయి. ధర్మేంద్ర సుత్తితో కొట్టినాడు. రంగు కొత్తది, గీకి సూడు. సున్న కూడా నాదే, ఆమెది కాదు. ఆమె సున్న ఇంత గుండ్రంగా ఉండదు" అన్నాడు.

ఆదిలక్ష్మమ్మ వంగి గోటితో గీకింది. నల్లరంగు పొరలా లేచింది.

"ఎన్నో దినం?" అంది.

"ఇరవై మూడో దినం."

ఆమె లేచి నిలబడింది. చెయ్యి చాచింది.

గంగాధరం ఆ చేతిని చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. ఇరవైమంది, ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. అందరి కళ్లూ కింద రాలిన ఉలవల మీద నుంచి తన మీదికి, తన మీద నుంచి ఉలవల మీదికి తిరుగుతున్నాయి. మునిప్రసాద్ నోరు తెరుచుకుని ఉంది, లోపలి వక్క కూడా కనిపిస్తోంది. గంగాధరం జేబులో నుంచి తాళం తీసి భార్య అరచేతిలో పెట్టాడు.

"రేపు తొమ్మిదికి అంగడి తెరుస్తాను నాయనా" అన్నాడు గిరిప్రసాద్, కొంచెం బాధగానే.

"వస్తాలే పో" అన్నాడు గంగాధరం.

మునిప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బావా, నిజంగానే అర చుట్టు తిరిగిందా?"

తాళం పోయింది. ఇక దాచాల్సిందేమీ మిగల్లేదు, తగ్గించాల్సిందీ లేదు. గంగాధరం తీరిగ్గా కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అర చుట్టా? ఒకటిన్నర. మొదటి చుట్టు నాకే కనపడలా, అంత బిరీన తిరిగింది. అది సరే, దానికి అయిదు దినాలు ముందు టార్పాలిను కత వినలేదు కదా మీరు."

తాళాన్ని కొంగుకు ముడి వేసుకుని లోపలికి పోతున్న ఆదిలక్ష్మమ్మ గడప దగ్గర ఆగింది.

"టార్పాలిను కూడానా?"

"కూసో మే," అన్నాడు గంగాధరం, పక్క కుర్చీ తుడిచి చూపిస్తూ. "నిలబడి వింటే అయ్యేది కాదు అది."

ఆమె ఒక్క క్షణం గుర్రుగా చూసింది. తర్వాత వచ్చి కూర్చుంది.